108 బండిలో ఉద్యోగం: నల్గొండ, పాలమూరు పిల్లలు నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

నేను 108లో ఈఎంటీగా పనిచేస్తున్నాను. మొదట్లో జడ్చర్ల వైపు బెంగళూరు హైవే మీద చేశాను, తర్వాత నల్గొండ జిల్లాకు వచ్చాను. బీఎస్సీ అయిపోయి ఇంటి దగ్గర ఉన్న తమ్ముళ్ళు, నర్సింగ్ చేసిన చెల్లెళ్ళు, వాళ్ళ అమ్మానాన్నలు ఎక్కడ కలిసినా ఈ ప్రశ్నలే అడుగుతుంటారు. ఫోన్‌లో ఒక్కొక్కరికీ చెప్పేటప్పుడు సగం చెప్పి సగం మరిచిపోతున్నాను కాబట్టి తెలిసినదంతా ఒక్కచోట రాస్తున్నాను. ఈ పనికి మన ఊళ్ళ పిల్లలే రావాలని నాకు గట్టిగా ఉంది. అర్ధరాత్రి ఎవరో భయంతో ‘చింతచెట్టు కాడ ఎడమకు తిరిగితే మా తండా’ అని చెప్తే అది ఎక్కడో మనకు తెలిసినట్టు బయటివాళ్ళకు తెలియదు. కానీ పని ఎట్లా ఉంటుందో ముందే తెలుసుకుని రండి.

ఈఎంటీ అంటే డాక్టరా, నర్సా?

రెండూ కాదు. ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్ అని పూర్తి పేరు. పేషెంటు పడ్డ చోటి నుంచి దవాఖాన క్యాజువాలిటీ తలుపు దాకా ప్రాణం నిలబడేట్టు చూసుకోవడమే మన పని. ఊపిరి ఆడుతుందా, గొంతులో ఏమైనా అడ్డం పడిందా, రక్తం ఎక్కడి నుంచి పోతుంది, నాడి ఎంత, బీపీ ఎంత, షుగర్ ఎంత అని వరసగా చూసుకుంటూ పోవాలి, చూస్తూనే చేయాల్సింది చేయాలి. ఆక్సిజన్ పెట్టడం, గొంతులో చేరిన నురగ, రక్తం మిషన్‌తో లాగేయడం, మెడకు కాలర్ వేయడం, విరిగిన కాలు కదలకుండా కట్టడం, గుండె ఆగితే ఛాతీ నొక్కి ఊపిరి ఇచ్చే సీపీఆర్ చేయడం, ఇవన్నీ మన చేతుల మీదే. మందులు మాత్రం మన ఇష్టానికి ఇవ్వం. కాల్ సెంటర్‌లో రాత్రీ పగలూ డాక్టర్లు ఉంటారు, పేషెంటు పరిస్థితి ఫోన్‌లో వాళ్ళకు చెప్పి, వాళ్ళు చెప్పిన మందు, చెప్పిన మోతాదులో ఇచ్చి రికార్డులో రాస్తాం. రోగానికి పేరు పెట్టడం మన పని కాదు. కొత్తగా వచ్చిన పిల్లలు కొందరు ఇక్కడే పొరపాటు పడతారు, ‘ఇది గ్యాసే పెద్దాయనా, ఏం కాదు’ అని ధైర్యం చెప్పబోతారు. ఛాతీలో నొప్పి అన్న మనిషికి ఆ మాట ఎప్పుడూ చెప్పకండి.

108 మన దగ్గర ఎప్పటి నుంచి ఉంది?

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది, తర్వాత జిల్లాలకు వచ్చింది. అంతకుముందు పేషెంటును ఆటోలోనో, ట్రాక్టర్ ట్రాలీలోనో, ఆర్టీసీ బస్సులోనో తీసుకుపోయేవాళ్ళు. మా ఊళ్ళో పెద్దవాళ్ళను అడిగితే మంచం మీద మోసుకుపోయిన సంగతులు ఇప్పటికీ చెప్తారు.

ఇది గవర్నమెంటు ఉద్యోగమా?

కాదు. సేవ ప్రభుత్వానిది, నడిపేది ప్రభుత్వంతో ఒప్పందం ఉన్న సంస్థ, మనం ఆ సంస్థ ఉద్యోగులం. ఈ సంగతి ఇంట్లో వాళ్ళకు మొదటే చెప్పండి, లేకపోతే పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు గొడవలు అవుతాయి, నేను రెండు ఇళ్ళల్లో చూశాను. చేరేముందు జీతం చేతికి ఎంత వస్తుంది, పీఎఫ్, ఈఎస్ఐ ఎట్లా కట్ అవుతాయి, వారం సెలవు ఎట్లా ఇస్తారు, ప్రమాద బీమా ఎంత అనేవి కాగితం మీద చూసుకోండి, నోటి మాట మీద చేరొద్దు. ఈ పనికి వచ్చేది ఎక్కువ జీతం అని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు, ఊళ్ళో అమ్మానాన్నల మందులు లెక్క వేసుకుని, సరిపోతుందనుకుంటేనే రండి. ఉద్యోగం పర్మనెంట్ చేయమని మావాళ్ళు చాలా ఏళ్ళుగా అడుగుతున్నారు, ఆ కోరిక న్యాయమైనదని నా అభిప్రాయం.

ఏం చదివి ఉండాలి? ఎవరికైనా డబ్బులు కట్టాలా?

ఈఎంటీకి మామూలుగా లైఫ్ సైన్సెస్ డిగ్రీ, నర్సింగ్, ఫార్మసీ, పారామెడికల్ కోర్సులు చేసినవాళ్ళను తీసుకుంటారు. పైలట్‌కు, అంటే బండి నడిపే మనిషికి, సరైన లైసెన్సు, డ్రైవింగ్ అనుభవం కావాలి. అర్హతలు నోటిఫికేషన్‌ను బట్టి మారతాయి, కాబట్టి పేపర్లో వచ్చింది చదువుకుని ఒరిజినల్ సర్టిఫికెట్లతో పొండి. ఇక డబ్బుల సంగతి. ఉద్యోగం ఇప్పిస్తానని ఎవరైనా అడిగితే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. మాకు తెలిసిన ఒక కుటుంబం అట్లా ఇచ్చి, ఆ డబ్బు కోసం ఏడాదిన్నర తిరిగింది.

ట్రైనింగ్‌లో ఏం నేర్పుతారు?

క్లాసులో శరీరం ఎట్లా పనిచేస్తుందో, ఏ ఎమర్జెన్సీలో ఏం చేయాలో చెప్తారు, బొమ్మ మీద సీపీఆర్ చేయిస్తారు, కాన్పు చేయడం బొమ్మతో నేర్పుతారు, తర్వాత దవాఖానకు, అనుభవం ఉన్నవాళ్ళ బండికి పంపిస్తారు. సీపీఆర్‌లో ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు నొక్కాలి, 30 సార్లు నొక్కాక 2 సార్లు ఊపిరి ఇవ్వాలి. క్లాసులో ఇది సులువే. నడుస్తున్న బండిలో, గతుకుల రోడ్డు మీద, ఒక చేత్తో పైరాడ్ పట్టుకోకుండా నిలబడలేని చోట, పేషెంటు కొడుకు పక్కనే ఏడుస్తుంటే లోతు తగ్గకుండా నొక్కడం వేరే సంగతి. అందుకే గుండె ఆగిన కేసులో పడ్డ చోటనే, నేల మీదే మొదలుపెడతాం. ‘ముందు బండెక్కించండి సార్’ అని చుట్టూ ఉన్నవాళ్ళు అరుస్తుంటారు, ఆ అరుపులకు తొందరపడకుండా ఉండటం కూడా ట్రైనింగే, కాకపోతే అది రోడ్డు మీదే వస్తుంది.

పైలట్ అంటే డ్రైవరే కదా?

అట్లా అనుకునేవాళ్ళు ఒక్క షిఫ్టు మా బండిలో కూర్చోవాలి. స్ట్రెచర్‌కు అవతలి చెయ్యి పైలట్‌దే. రోడ్డు మీద బండిని ఎక్కడ, ఎంత వాలుగా ఆపితే వెనక నుంచి వచ్చే లారీ మమ్మల్ని గుద్దదో చూసేదీ, గుంపును పక్కకు జరిపేదీ, మెడ దెబ్బ తగిలిన మనిషిని తిప్పేటప్పుడు నడుము పట్టుకునేదీ ఆయనే. మంచి పైలట్ వెనక పేషెంటును బట్టి బండి నడుపుతాడు. గర్భిణి ఉంటే గుంతల దగ్గర ఒక తీరు, వెన్నెముక దెబ్బ ఉంటే ఇంకో తీరు, గుండెనొప్పి ఉంటే బ్రేకులు కొట్టకుండా ఒకే వేగం. నేను నేర్చుకున్నదాంట్లో సగం మా పైలట్ అన్న దగ్గరే నేర్చుకున్నాను.

ఫోన్ చేస్తే అన్ని ప్రశ్నలు ఎందుకు అడుగుతారు? బండి పంపొచ్చు కదా?

మీరు మాట్లాడుతుండగానే అవతల పంపే పని జరుగుతుంటుంది. ఏ ఊరు, ఏ మండలం, ఏ గుర్తు దగ్గర, ఏమైంది, మనిషి మాట్లాడుతున్నాడా లేదా, ఎంతమంది అని అడిగేది దగ్గర్లోని సరైన బండిని పంపడానికి. మన దగ్గర ఒకే పేరుతో నాలుగు ఊళ్ళు ఉంటాయి. ‘కొత్తపల్లి’ అంటే ఏ కొత్తపల్లి? ‘రాంనగర్ తండా’ అంటే ఏది? మండలం పేరు చెప్పకపోతే బండి ఒక దిక్కు, పేషెంటు ఒక దిక్కు. ఫోన్ చేసినవాళ్ళు ఆ తర్వాత ఫోన్ ఎంగేజ్ పెట్టొద్దు, స్విచ్ ఆఫ్ చేయొద్దు, మేము దారి కోసం అదే నంబర్‌కు చేస్తాం. రాత్రి అయితే ఒక మనిషిని టార్చ్‌తో మెయిన్ రోడ్డు మీద నిలబెడితే మాకు 5 నిమిషాలు మిగులుతాయి.

షిఫ్టు ఎట్లా ఉంటుంది?

12 గంటలు, పగలు లేదా రాత్రి. దిగేవాళ్ళ నుంచి బండి తీసుకోగానే అన్నీ చెక్ చేయాలి. ఆక్సిజన్ సిలిండర్లలో ప్రెషర్ ఎంత ఉంది, సక్షన్ మిషన్ ఆడుతుందా, గుండెకు షాక్ ఇచ్చే ఏఈడీ మిషన్ చార్జింగ్, గ్లూకోమీటర్ స్ట్రిప్పులు, కాన్పు కిట్, గ్లౌజులు, మందుల తేదీలు. చేరిన కొత్తలో ఒకరోజు నేను పైపైన చూసి సంతకం పెట్టాను, ఆస్తమాతో ఎగబోస్తున్న తాతను తీసుకుని సగం దూరం వచ్చాక చూస్తే సిలిండర్ ముల్లు అడుక్కి దిగింది. రెండో సిలిండర్‌లో ఉంది కాబట్టి తాత క్షేమంగా దవాఖానకు చేరాడు. ఆ తర్వాత నేను చేత్తో ముట్టుకుని చూడకుండా ఏ వస్తువుకూ టిక్ పెట్టలేదు.

షిఫ్టులో రెండే కేసులు రావచ్చు, వరసగా ఏడూ రావచ్చు. తిండికి టైం ఉండదు, టిఫిన్ డబ్బా తెరిచి నాలుగు ముద్దలు తినేసరికి ఫోన్ మోగుతుంది. ఎండాకాలంలో మన నల్గొండ ఎండ మీకు తెలిసిందే, 45 డిగ్రీల దాకా పోతుంది, ఉపాధి హామీ పనికాడ పడిపోయిన అమ్మలను తెచ్చే రోజుల్లో మనం కూడా నీళ్ళు, మజ్జిగ తాగుతూనే ఉండాలి.

మన జిల్లాల్లో ఏ కేసులు ఎక్కువ?

రోడ్లు ముందు చెప్పాలి. విజయవాడ హైవే మీద చిట్యాల, నార్కట్‌పల్లి, కట్టంగూరు, నకిరేకల్, బెంగళూరు హైవే మీద జడ్చర్ల, భూత్పూర్, కొత్తకోట, పెబ్బేరు, అటు నల్గొండ మీదుగా మిర్యాలగూడ, వాడపల్లి పోయే అద్దంకి రోడ్డు. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి ఆంధ్రకు పోయే కార్లు విజయవాడ హైవే నిండా ఉంటాయి, ఆ నాలుగు రోజులు మాకు లీవు అనే మాటే ఉండదు. కానీ ప్రాణం పోయే కేసులు ఎక్కువగా కార్లవి అనుకోకండి, నా అనుభవంలో బైకు మీద ముగ్గురు ఎక్కి హెల్మెట్ లేకుండా పోయినవాళ్ళు, చీకట్లో లైటు లేకుండా ఆగి ఉన్న ట్రాక్టర్‌ను గుద్దుకున్నవాళ్ళు, ఊరి దగ్గర హైవే దాటుతున్న ముసలివాళ్ళు, వీళ్ళే ఎక్కువ.

తర్వాత తాటిచెట్టు మీద నుంచి పడ్డ గీత కార్మికులు. ఈ కేసు గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే చుట్టూ ఉన్నవాళ్ళు ప్రేమతోనే నష్టం చేస్తారు. చెట్టు మీద నుంచి పడ్డ మనిషికి వెన్నెముక విరిగి ఉండొచ్చు. ఇద్దరు చంకల కింద, ఇద్దరు కాళ్ళు పట్టుకుని లేపి ఆటోలో కూర్చోబెడితే నడుము మధ్యలో వంగుతుంది, అంతవరకు బాగున్న నరం అక్కడ తెగొచ్చు. ఒకసారి మేము పోయేసరికి అప్పటికే ఆటో ఎక్కించారు, ఆయన ‘సారూ, పడ్డప్పుడు కాళ్ళు కదిలినయి, ఇప్పుడు కదుల్తలేవు’ అన్నాడు. ఆ మాట నేను మరిచిపోలేను. అందుకే ఏ గౌడ్ సంఘం మీటింగ్‌కు పిలిచినా పోతాను, పడ్డ మనిషిని ఎట్లా పడ్డాడో అట్లాగే ఉంచి, తల కదలకుండా రెండు చేతులతో పట్టుకుని మాకు ఫోన్ చేయమని చెప్తాను.

మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు డ్యూటీ పడితే ఇంకొకటి తెలుసుకోవాలి. ఇప్పుడు భగీరథ నీళ్ళు వస్తున్నాయి గాని, ఎన్నో ఏళ్ళు ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన పెద్దవాళ్ళ ఎముకలు, మెడలు, నడుములు బిగుసుకుపోయి ఉన్నాయి. వాళ్ళను పుస్తకంలో చెప్పినట్టు వెల్లకిలా సమంగా పడుకోబెట్టబోతే నొప్పితో అల్లాడిపోతారు, దెబ్బ ఎక్కువ అవుతుంది. మెడ కింద, మోకాళ్ళ కింద దుప్పట్లు మడిచి పెట్టి, వాళ్ళ వంపు ఎట్లా ఉందో అట్లాగే పడుకోబెట్టాలి. ‘అవ్వా, నీకు ఎట్లా పండుకుంటే మంచిగుంటది?’ అని ముందు అడగండి, అవ్వే చెప్తుంది.

ఇవి కాక ఛాతీ నొప్పి, పక్షవాతం, షుగర్ పడిపోవడం, ఫిట్స్ రోజూ ఉంటాయి. పక్షవాతంలో మూతి వంకర పోయిన టైం, చెయ్యి పడిపోయిన టైం కచ్చితంగా అడిగి రాయాలి, రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ మొదటి నాలుగున్నర గంటల్లోపే పనికొస్తుంది.

పాము కరిచిన కేసుల్లో ఏం చేస్తారు?

వానలు పడ్డాక పొలాల్లో, పత్తి చేన్లలో ఈ కేసులు మొదలవుతాయి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, ఈ నాలుగింటి విషానికీ ఒకటే విరుగుడు ఇంజెక్షన్ ఉంది, అది దవాఖానలో డాక్టర్ ఇస్తారు. మన పని మనిషిని నడవనీయకుండా, కరిచిన కాలు కదలకుండా కట్టి, ఊపిరి చూసుకుంటూ చేర్చడం. తాడుతో బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం ఏదీ చేయకూడదు. పామును చంపి తేవాల్సిన పని లేదు. దాన్ని పట్టుకోబోయి ఇంకొకరు కరిపించుకున్న కేసుకూ పోయాను, దూరం నుంచి ఫోటో దొరికితే చాలు.

కట్లపాము గురించి జాగ్రత్త. రాత్రి కింద పడుకున్నవాళ్ళను కరుస్తుంది, నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా కనపడకపోవచ్చు. తెల్లారి కడుపునొప్పి, గొంతు పట్టేసింది, కండ్లు తెరవలేకపోతున్నా అంటారు. అట్లాంటి ఒక అమ్మను ఇంట్లోవాళ్ళు దిష్టి తగిలిందని తాయెత్తు కట్టించి రెండు గంటలు కూర్చోబెట్టారు. రెప్పలు వాలిపోయి ఉంటే నాకు అనుమానం వచ్చి డాక్టర్‌కు ఫోన్‌లో అదే చెప్పాను, దారి పొడుగునా బ్యాగుతో ఊపిరి కొడుతూ నల్గొండ పెద్ద దవాఖానకు చేర్చాం. పది రోజుల తర్వాత ఇంటికి నడిచి పోయింది. మంత్రం వేసేవాళ్ళను ఊళ్ళో అందరి ముందు తిట్టకండి, తిడితే జనం మన మాట వినరు. ‘మంత్రం బండిలో కూడా వేయొచ్చు, ఎక్కండి’ అంటే ఎక్కుతారు.

పురుగుల మందు తాగిన కేసులు?

వస్తాయి, మనసు బాగా బరువెక్కే కేసులు ఇవే. పేషెంటుకు నోటి నుంచి నురగ, చెమట, కంటిపాప చిన్నదవడం కనపడితే వెంటనే గొంతు క్లియర్ చేస్తూ ఆక్సిజన్ ఇస్తూ డాక్టర్‌తో లైన్‌లో ఉండాలి. మందు పడ్డ బట్టలు తీసేసి ఒళ్ళు కడగాలి, గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు. ఉప్పునీళ్ళు, పేడనీళ్ళు తాగించి కక్కించడం మన ఊళ్ళల్లో ఇంకా పోలేదు, అది ఊపిరితిత్తుల్లోకి పోయి ఎక్కువ హాని చేస్తుంది. ఒక్కో మందుకు వైద్యం ఒక్కో తీరు, అందుకే డబ్బా తప్పకుండా వెంట తేవాలి. బండిలో ‘ఎందుకు చేసినవ్, పెండ్లాం పిల్లలు లేరా’ అని నిలదీయొద్దు. చెయ్యి పట్టుకుని ‘నేను ఉన్నా, ఊపిరి తీసుకో అన్నా’ అని చెప్తే చాలు. ఇంట్లోవాళ్ళకు టెలీమానస్ 14416 నంబర్ రాసిచ్చి రండి, మనసు బాగాలేనప్పుడు ఎప్పుడైనా తెలుగులోనే మాట్లాడొచ్చు.

బండిలో కాన్పు నిజంగా చేస్తారా?

చేస్తాం. దేవరకొండ వైపు తండాల నుంచి వచ్చేటప్పుడు నేను చేసిన మొదటి కాన్పు రోడ్డు పక్కన, బండి ఆపి, లోపలి లైటులో. బిడ్డ వెంటనే ఏడవలేదు. పొడి గుడ్డతో వీపు గట్టిగా తుడుస్తూ ఉన్నాను, ఆ కొన్ని సెకన్లు ఎంత పొడుగ్గా ఉంటాయో చెప్పలేను. ఏడ్చాక తల్లి ఛాతీ మీద పడుకోబెట్టి ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పాం, వాళ్ళ అత్త లంబాడీలో ఏదో పాట మొదలుపెట్టింది. బిడ్డ పుట్టగానే పని అయిపోయిందని ఊపిరి పీల్చుకోకండి. మాయ పడిందా, తల్లికి రక్తం ఆగిందా, బిడ్డ ఒళ్ళు వెచ్చగా ఉందా అని దవాఖాన దాకా చూస్తూనే ఉండాలి, తల్లికి ప్రమాదం ఎక్కువగా ఆ తర్వాతి గంటలోనే. చెకప్‌కు తీసుకుపోయి తీసుకొచ్చేది 102 బండి, నొప్పులు మొదలైతే 108.

నల్లమలలో పని ఎట్లా ఉంటుంది?

అమ్రాబాద్ దాటితే చాలా చోట్ల సిగ్నల్ ఉండదు. అప్పాపూర్ లాంటి చెంచు పెంటల్లో, అంటే చెంచుల గూడేల్లో, మనిషికి బాగలేకపోతే ఎవరో ఒకరు సిగ్నల్ దొరికే చోటికి నడిచివచ్చి ఫోన్ చేయాలి. అడవిలో దారి బాగలేని చోట బండి ఆపి స్ట్రెచర్ మోసుకుని పోవాల్సి వస్తుంది. అక్కడ పోస్టింగ్ వస్తే భయపడి వెనక్కి పోకండి. ఆశా అక్క, అంగన్‌వాడీ టీచర్, అటవీశాఖ వాచర్, ఈ ముగ్గురి నంబర్లు మీ దగ్గర ఉండాలి. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర అప్పుడు వేల మంది కొండలు దిగి ఎక్కుతారు, కాళ్ళు జారినవాళ్ళు, ఎండదెబ్బ తగిలినవాళ్ళు వస్తూనే ఉంటారు.

ఏ దవాఖానకు తీసుకుపోవాలో ఎవరు చెప్తారు?

పేషెంటు పరిస్థితికి తగిన వైద్యం ఉన్న దగ్గరి దవాఖానకు తీసుకుపోవాలి. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్గొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిలో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి, ఒకప్పుడు అన్నింటికీ హైదరాబాద్ పోయేది, ఇప్పుడు చాలావరకు ఇక్కడే చూస్తున్నారు. అయినా ‘ఉస్మానియాకే తీసుకుపోండి, నిమ్స్‌కే పొండి’ అని పట్టుబట్టేవాళ్ళు ఉంటారు. రక్తం పోతున్న మనిషిని రెండు గంటలు బండిలో ఉంచడం ఎందుకు ప్రమాదమో ఓపికగా చెప్పాలి. అలంపూర్ వాళ్ళు కర్నూలు, నారాయణపేట వాళ్ళు రాయచూర్ దగ్గర అంటారు, మైళ్ళ లెక్కన అది నిజమే, అట్లాంటప్పుడు కాల్ సెంటర్ డాక్టర్‌ను అడిగి చేయాలి. ఫలానా ప్రైవేటు దవాఖానకు పేషెంట్లను తెస్తే కమీషన్ ఇస్తామని మిమ్మల్ని ఎవరైనా అడుగుతారు. అడిగిన రోజే కాదని గట్టిగా చెప్పండి.

పేషెంటు డబ్బులు ఇవ్వాలా?

వద్దు. పూర్తిగా ఉచితం. ప్రేమతో ఇచ్చినా తీసుకోకూడదు. చాయ్ ఇస్తే తాగొచ్చు.

ఆడపిల్లలు చేయొచ్చా?

చేయొచ్చు, చేస్తున్నారు. కాన్పు కేసుల్లో, అత్యాచారానికి గురైన పిల్లల కేసుల్లో ఆడ ఈఎంటీ ఉంటే పేషెంటు భయం సగం తగ్గిపోతుంది. రాత్రి డ్యూటీలో కూర్చునే చోట బాత్రూం ఉందా, తలుపుకు గడియ ఉందా అన్నది చిన్న విషయంగా తీసిపారేయొద్దు, ముందే అడగండి, లేకపోతే గట్టిగా పోరాడండి. మోయలేరు అనే మాట కూడా వినపడుతుంది. మోయడం టెక్నిక్‌తో చేసే పని, నడుము వంచకుండా మోకాళ్ళు వంచి లేపాలి. అది తెలియని మగపిల్లలు రెండేళ్ళకే నడుము పట్టుకుని ఇంట్లో కూర్చున్నారు.

లేటయిందని జనం కొడతారట కదా?

తిట్లు చాలాసార్లు తిన్నాను, చొక్కా కూడా పట్టుకున్నారు. ఎదురుచూసేవాళ్ళకు పది నిమిషాలు గంటలాగా ఉంటాయి, కండ్ల ముందు సొంత మనిషి పడి ఉన్నాడు. బండి దిగగానే సంజాయిషీ మొదలుపెట్టకుండా నేరుగా పేషెంటు దగ్గరికి పోయి పని మొదలుపెట్టండి, చేతులు పని చేస్తుంటే అరుపులు తగ్గుతాయి. గట్టిగా అరిచే మనిషికే ఒక పని చెప్పండి, ‘అన్నా, ఈ గ్లూకోజ్ బాటిల్ ఎత్తి పట్టుకో’ అని. తాగి ఉన్న గుంపు కొట్టేట్టు ఉంటే మాత్రం బండి దగ్గరే ఆగి పోలీసులకు చెప్పండి, మీరు పడిపోతే పేషెంటును చూసే మనిషి ఉండడు.

మేము యాక్సిడెంట్ అయినవాళ్ళను కాపాడితే పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగాలా?

అవసరం లేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ మంచి మనసుతో సాయం చేసినవాళ్ళకు రక్షణ ఇస్తుంది. మీ పేరు చెప్పమని కూడా బలవంతం చేయకూడదు. అదే చట్టంలో 194ఈ సెక్షన్ కింద అంబులెన్స్‌కు దారి ఇవ్వకపోతే 10,000 రూపాయల జరిమానా గానీ, 6 నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు.

చనిపోయినవాళ్ళను ఎందుకు తీసుకుపోరు?

మేము పోయేసరికి ప్రాణం పోయి ఉంటే శవాన్ని 108లో వేయం, అదే టైంలో ఇంకో ఊళ్ళో బతికున్న మనిషికి బండి కావాలి. సర్కారు దవాఖానలో చనిపోతే పార్థివ వాహనాలు ఉన్నాయి. ఈ మాట చెప్పేటప్పుడు బండిలో కూర్చుని కిటికీలోంచి చెప్పకండి. దిగండి, ఇంటి పెద్ద దగ్గర కూర్చోండి, మెల్లగా చెప్పండి.

రాత్రి నిద్ర పడుతుందా?

చిన్నపిల్లల కేసుల తర్వాత పట్టదు. కొత్తలో నేను ఎవరికీ చెప్పేవాడిని కాదు, ఇంటికి పోయి మాటామాటకూ కోపం చేసేవాడిని, మా అమ్మ అడిగినా ‘ఏం లేదు’ అనేవాడిని. మా పైలట్ అన్న ఒకరోజు చాయ్ దగ్గర కూర్చోబెట్టి ‘నువ్వు చెప్పు, నేను వింట’ అన్నాడు, అప్పుడు చెప్పాను. ఇప్పుడు పెద్ద కేసు అయితే బండి కడుక్కుంటూ ఇద్దరం మాట్లాడుకుంటాం. ఏం బాగా చేశాం, ఎక్కడ ఆలస్యమైంది అని. అట్లా కూడా బరువు దిగకపోతే 14416 మనకు కూడా పనిచేస్తుంది. మందు అలవాటు చేసుకోకండి. ఈ పనిలో మంచి చేతులు ఉన్నవాళ్ళు కొందరు అట్లా పాడైపోయారు.

ముందు ముందు ఎదగడానికి దారి ఉందా?

ఉంది, కానీ ఎవరూ తెచ్చి ఇవ్వరు. మామూలు బండి నుంచి వెంటిలేటర్, గుండె మానిటర్ ఉండే అడ్వాన్స్‌డ్ బండికి మారొచ్చు, ట్రైనర్ కావచ్చు, కాల్ సెంటర్‌కు పోవచ్చు. పెద్ద దవాఖానల ఎమర్జెన్సీ విభాగాల్లో, ఫ్యాక్టరీల ఫస్ట్ ఎయిడ్ సెంటర్లలో, హైవే అంబులెన్సుల్లో ఈ అనుభవం ఉన్నవాళ్ళను తీసుకుంటారు. గల్ఫ్‌కు పోదామనుకుంటే అక్కడి లైసెన్సు పరీక్ష, ఇంగ్లిష్ రెండూ కావాలి. 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ చట్టంలో ఎమర్జెన్సీ టెక్నాలజిస్టులను కూడా చేర్చారు, కాబట్టి ఇకమీద సరైన కోర్సు సర్టిఫికెట్‌కు విలువ పెరుగుతుంది. ఊరూపేరూ లేని ఇన్‌స్టిట్యూట్‌లో మూడు నెలల కోర్సుకు వేలు కట్టేముందు దానికి గుర్తింపు ఉందో లేదో చూడండి.

రేపు మొదటి డ్యూటీ. ఏం పెట్టుకోవాలి?

చిన్న నోట్‌బుక్, రెండు పెన్నులు, చేతికి సెకన్ల ముల్లు ఉన్న గడియారం, ఇంకో జత బట్టలు, నీళ్ళ సీసా, బిస్కెట్ ప్యాకెట్. మహబూబ్‌నగర్‌లో అయితే ‘సాంస్ లో’, ‘కహాఁ దర్ద్ హై’ లాంటి నాలుగు ఉర్దూ ముక్కలు, తండాలు ఉన్న చోట నాలుగు లంబాడీ ముక్కలు రాసుకోండి. డ్యూటీకి ఒకరోజు ముందే బైకు మీద మీ పాయింట్, అంటే మీ బండి నిలిపే చోటు, చుట్టూ తిరిగి రండి, వాన పడితే ఏ వాగు పొంగుతుంది, ఏ కల్వర్టు కింద అంబులెన్స్ పట్టదు, ఏ తండాకు రెండో దారి ఉంది అని నోట్‌బుక్‌లో మొదటి పేజీలో గీసుకోండి. నా దాంట్లో ఆ పేజీ ఇప్పటికి మూడుసార్లు చిరిగిపోతే మూడుసార్లు మళ్ళీ గీసుకున్నాను.